ఫుట్‌పాత్‌పై నిద్రగన్నేరు, ప్రహరీ లోపల మరో నాలుగు చెట్లు: తొలగింపు అనుమతిని నగరం ఎలా నిర్ణయిస్తుంది?

ప్రశ్న
అడిగినవారు: తూర్పు బెంగళూరు తెలుగు

బెంగళూరు తూర్పు భాగంలో ఒక మధ్యతరహా అపార్ట్‌మెంటు సంఘానికి ఈ ఏడాది నేను కార్యదర్శిని. మా నివాసుల్లో సగం మందికి పైగా చిత్తూరు, అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి వచ్చినవారే కనుక సమావేశాల్లో చర్చ తెలుగులోనే నడుస్తుంది. అందుకే ఈ ప్రశ్నను కూడా ఇక్కడే అడుగుతున్నాను.

మా గేటు పక్కన, ఫుట్‌పాత్ మీద, బాగా పెద్దదైన నిద్రగన్నేరు చెట్టు ఉంది. దాని వేళ్లు ఫుట్‌పాత్ రాళ్లను ఎత్తివేశాయి, మా ప్రహరీ గోడలో ఒకచోట పగులు వచ్చింది, ఒక పెద్ద కొమ్మ ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా రోడ్డు మధ్య వరకు చాచి ఉంది. ప్రహరీ లోపల, మా స్థలంలో, రెండు తురాయి చెట్లు, ఒక సిల్వర్ ఓక్, ఒక కొబ్బరి ఉన్నాయి. మొన్న వేసవి చివర వచ్చిన గాలివానకు తురాయి కొమ్మ ఒకటి విరిగి ఆగి ఉన్న కారు మీద పడింది. అప్పటి నుంచి ఐదు చెట్లనూ తీయించాలన్న ఒత్తిడి పెరిగింది, సర్వసభ్య సమావేశంలో ఎక్కువ మంది ఆ మేరకు తీర్మానం కూడా చేశారు. చేతులెత్తిన వారందరి కారణమూ ఒకటి కాదు: కొందరికి నిజంగానే భయం, కొందరికి రాలే ఆకులతో విసుగు, ఇద్దరు ముగ్గురికి మాత్రం కారు పెట్టుకునే చోటు కావాలి. మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ, ఏ చెట్టు మీద రంపం పడినా తాను కోర్టుకు వెళ్తానని మినిట్స్‌లో రాయించారు.

ఇటువంటి అభ్యర్థనను అసలు ఎవరు, ఏ ప్రాతిపదికన నిర్ణయిస్తారు? మా తీర్మానానికి అక్కడ విలువ ఉంటుందా? ఆ పెద్దావిడ అభ్యంతరానికి ఉంటుందా? ఇంకొక సందేహం, కొంచెం కోపంతో కూడినది: రోడ్ల కోసం, మెట్రో కోసం వందల చెట్లు పోతుండగా మా గేటు ముందున్న ఒక్క చెట్టు విషయంలో ఇంత పరిశీలన ఎందుకు?


సమాధానం 1
రాసినవారు: పాత రేంజర్

కార్యదర్శి గారూ, మీ తీర్మానంలో ఐదు చెట్లూ ఒకే వరుసలో ఉన్నాయి కానీ చట్టం వాటిని మూడు రకాలుగా చూస్తుంది, కాబట్టి మొదట వాటిని విడదీయండి. ఇక్కడ వర్తించేది 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం. దాని ప్రకారం నగర పరిధిలో చెట్టు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ హోదాలో ఉండేది సాధారణంగా అటవీ శాఖ నుంచి నగర పాలక సంస్థకు డిప్యుటేషన్ మీద వచ్చిన అధికారి. 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కనుక, మీ వార్డు ఏ కార్పొరేషన్ కిందికి చేరిందో చూసుకుని, అక్కడి అటవీ విభాగంలో దరఖాస్తు ఇవ్వండి.

అధికారి ముందుగా చూసేది ఆ చెట్టు ఎవరి నేల మీద ఉందన్నది. ఫుట్‌పాత్ మీది నిద్రగన్నేరు నగరానిది. దాని విషయంలో మీ సంఘం ఫిర్యాదుదారు మాత్రమే, దరఖాస్తుదారు అన్న హోదా కూడా పూర్తిగా ఉండదు. మీ తీర్మానం వల్ల ఎంతమంది ఇబ్బంది పడుతున్నారో తెలుస్తుంది, అంతకు మించి దానికి బలం లేదు. తురాయి చెట్ల సంగతి వేరు. అవి మీ స్థలంలో ఉన్నాయి కనుక భూమి యాజమాన్య పత్రాల నకళ్లు, స్థలం నక్షా, చెట్ల సంఖ్య, జాతి, చుట్టుకొలత, తొలగింపుకు కారణాలు జతపరచి సంఘం తరఫున దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కడ తీర్మానం నకలు అవసరమవుతుంది. ఇక సిల్వర్ ఓక్, కొబ్బరి. సరుగుడు, యూకలిప్టస్, సుబాబుల్‌తో పాటు ఈ రెండూ చట్టంలోని మినహాయింపు జాబితాలో ఉన్నాయి. అయినా ఆ జాబితాకు సవరణలు జరుగుతుంటాయి, పైగా రంపం చప్పుడు వినగానే పక్క వీధి వారు ఫిర్యాదు చేయడం ఇప్పుడు మామూలైంది కనుక, ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవడం మంచిది.

ఇక నిర్ణయానికి ప్రాతిపదిక. చట్టం ఇక్కడ కొంచెం విచిత్రంగా రాయబడింది. ఏయే సందర్భాల్లో అనుమతి ఇవ్వాలో చెప్పడానికి బదులు, ఏయే సందర్భాల్లో నిరాకరించకూడదో చెబుతుంది: చెట్టు చనిపోయినా, తెగులు పట్టినా, గాలికి కూలినా, ప్రాణానికో ఆస్తికో ప్రమాదకరంగా ఉన్నా, రాకపోకలకు అడ్డమైనా, నిప్పు వల్లనో పిడుగు వల్లనో బాగా దెబ్బతిన్నా నిరాకరించరాదు. మిగిలిన అన్ని సందర్భాలనూ పరిశీలించి, కారణాలు రాతలో పెట్టి, ఇవ్వడమో మానడమో పాక్షికంగా ఇవ్వడమో అధికారి వివేచనకు వదిలేసింది. దీనివల్ల ఏం జరిగిందంటే, పార్కింగు కోసం వచ్చేవారు కూడా దరఖాస్తులో ‘ప్రమాదకరంగా ఉంది’ అనే రాస్తారు. అందువల్ల కాగితం మీది కారణానికి అధికారి పెద్దగా విలువ ఇవ్వడు, చెట్టు మొదలు దగ్గరకు వెళ్లి చూస్తాడు.

అక్కడ చూసేవి కొన్ని మీకూ చెబుతాను, మీరే ముందుగా చూసుకోవచ్చు. చెట్టు ఒక పక్కకు ఒరిగి ఉండటం దానంతట అది ప్రమాదం కాదు, వెలుతురు కోసం వంగి పెరిగిన చెట్టు అలాగే దశాబ్దాలు నిలుస్తుంది. ఒరిగిన దిక్కుకు ఎదురు వైపున నేల ఉబ్బి, కొత్తగా నెర్రెలు పడితే మాత్రం వేళ్లు పట్టు తప్పుతున్నట్టే. మొదలు దగ్గర అరల మాదిరిగా గట్టి పుట్టగొడుగులు పుట్టాయంటే లోపల కలప కుళ్లుతోందని అర్థం. కొయ్య సుత్తితో కాండాన్ని చుట్టూ తట్టినప్పుడు ఒకచోట డొల్ల శబ్దం వస్తే అక్కడ బోలు ఎంత లోతుందో పరికరంతో చూడాలి. వీటన్నింటికంటే ముఖ్యం, ఈ నాలుగైదేళ్లలో ఆ మొదలు పక్కన ఎవరైనా కాలువ తవ్వారా, కేబుళ్లు వేశారా అన్నది. చుట్టూ ఉన్న వేళ్లలో ఒక వైపువి తెగిపోయాక పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, చూసేవారికి అనుమానం రాదు, మరుసటి గాలివానకు చెట్టు కూకటివేళ్లతో పడుతుంది.

మీరు చెప్పిన వివరాలను బట్టి నా అంచనా మీ సభ్యుల అంచనాకు తలకిందులుగా ఉంది. అందరూ భయపడేది పెద్దదైన నిద్రగన్నేరును చూసి. కానీ తురాయి కలప పెళుసు, వేళ్లు పైపైనే పారతాయి, విరిగిన కొమ్మ కూడా దానిదే. నిద్రగన్నేరుకు అడ్డంగా చాచిన బరువైన కొమ్మలు ఉంటాయి కనుక చివర్ల బరువు తగ్గిస్తే చాలావరకు సరిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీది కొమ్మను పూర్తిగా తీయడానికీ ఇబ్బంది ఉండదు. ప్రహరీ పగులు విషయంలో అధికారి మిమ్మల్నే తిరిగి ప్రశ్నిస్తాడు, ఎందుకంటే వేరు ఉన్నచోట పునాది ఆపి, దాని మీదుగా బీము వేసి గోడ కట్టుకోవచ్చు. గోడకు బాగుచేసే మార్గం ఉన్నప్పుడు ‘ఆస్తికి ప్రమాదం’ అన్న కారణం నిలవదు. పార్కింగు మాట దరఖాస్తులో రాయకండి, రాస్తే మిగతా నిజమైన కారణాల మీద కూడా అనుమానం పడుతుంది.

పెద్దావిడ గారి విషయం: ఇంత తక్కువ చెట్లకు బహిరంగ ప్రకటన తప్పనిసరి కాదు. కానీ ఆమె అభ్యంతరాన్ని రాతలో ఇస్తే అధికారి విచారణలో దాన్ని పరిగణించవచ్చు. ఉత్తర్వు ఎవరికి నచ్చకపోయినా అదే చట్టం కింద ట్రీ ఆఫీసర్‌కు పైన ఉండే ట్రీ అథారిటీ అన్న సంస్థకు అప్పీలు చేసుకునే వీలుంది. ఆమె కోర్టు వరకు వెళ్లకుండానే చేయగలిగింది చాలా ఉందని దయచేసి ఆమెకూ చెప్పండి.


సమాధానం 2
రాసినవారు: వానాకాలం వాసి

రేంజర్ గారు చెప్పిన పద్ధతి సరైనదే, అయితే ఆ పద్ధతి చెట్టు కింద రోజూ నడిచేవారి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో కూడా ఇక్కడ నమోదు కావాలి. 2025 జూన్‌లో బెంగళూరులో ఎండు కొమ్మ తలపై పడి గాయపడిన ఒక యువకుడు కొన్ని రోజులకు ఆసుపత్రిలో మరణించాడు. అతను చెట్టెక్కలేదు, గాలివానలో బయట తిరగలేదు, బండి మీద తన దారిన తాను వెళ్తున్నాడు. అటువంటి వార్త చదివిన మరునాడు సమావేశంలో చేతులెత్తినవారిని చెట్లంటే గిట్టనివారిగా తీసిపారేయడం న్యాయం కాదు.

నా ఫిర్యాదు చట్టం మీద కాదు, అది అమలయ్యే వరుస మీద. మేముండే వీధిలో తీగల కింద ఉన్న చెట్లకు విద్యుత్ సిబ్బంది ఏటా తీగల వైపు కొమ్మలు మాత్రమే కొడతారు, రెండో వైపు తాకరు, ఎందుకంటే అది తమ పని కాదు. కొన్నేళ్లకు చెట్టు బరువంతా ఇళ్ల వైపు చేరుతుంది. ఫుట్‌పాత్ కాంట్రాక్టరు వచ్చి మొదలుకు ఆనుకునేలా కాంక్రీటు పోస్తాడు, ఆ వేళ్లకు ఇక నీరూ గాలీ అందవు. కాలువ పనివారు వచ్చి అడ్డొచ్చిన వేళ్లను నరికి పోతారు. ఈ మూడు పనులకూ ఎవరూ ట్రీ ఆఫీసర్ అనుమతి అడిగిన దాఖలా మా వీధిలో లేదు. ఇవన్నీ జరిగి చెట్టు నిజంగా ప్రమాదకరంగా మారాక, ఆ ప్రమాదాన్ని రుజువు చేయవలసిన బాధ్యత ఇంటివాడి మీద పడుతుంది. మా ఫిర్యాదుకు పరిశీలన జరిగేలోగా ఒక వానాకాలం పూర్తిగా గడిచిపోయింది.

అందుచేత కార్యదర్శి గారికి నా సూచన ఏమిటంటే, తొలగించమని అడగడం కంటే పరిశీలన నివేదిక అడగండి. ‘ఈ చెట్టును పరిశీలించి, దాని స్థితిని, తీసుకోవలసిన చర్యలను రాతపూర్వకంగా తెలియజేయగలరు’ అని రాస్తే, తొలగించనవసరం లేదని తేల్చినా, ఏ కొమ్మను ఎప్పటిలోగా తగ్గించాలో అధికారి చెప్పక తప్పదు. కారణాలు నమోదు చేయాలని చట్టమే అంటోంది కనుక ఆ కారణాల నకలు కూడా అడిగి తీసుకోండి. రేపు కొమ్మ పడితే, ప్రమాదం సంగతి నగరానికి ముందే తెలుసని చూపే కాగితం మీ దగ్గర ఉంటుంది. ఇటువంటి కాగితం ఫైల్లో ఉందని తెలిస్తే చెట్టు పరీక్ష కూడా కాస్త శ్రద్ధగా జరుగుతుందన్నది నేను గమనించిన విషయం.


సమాధానం 3
రాసినవారు: హెబ్బాళ దారి

మీ చివరి సందేహానికే నేను సమాధానం ఇస్తాను. ఒక్క చెట్టుకు ఇంత పరిశీలన, వందల చెట్లకు అంత సులభం ఎందుకంటే, వందల చెట్ల విషయంలో అసలు నిర్ణయం ట్రీ ఆఫీసర్ బల్ల మీదికి రాకముందే అయిపోతుంది. రోడ్డు ఎంత వెడల్పు, ఫ్లైఓవర్ స్తంభం ఎక్కడ, మెట్రో స్టేషన్ మెట్లు ఎటు దిగాలి అన్నవి డిజైనులో తేలిపోయి, టెండరు పిలిచి, కాంట్రాక్టరుకు పని అప్పగించిన తరువాత, ‘దారిలో ఉన్న చెట్ల’ జాబితా ఒకటి తయారై అనుమతికి వస్తుంది. అప్పుడు ట్రీ ఆఫీసర్ ముందున్న ప్రశ్న చెట్టు ఉండాలా వద్దా అన్నది కాదు, ప్రభుత్వం ఇప్పటికే డబ్బు కేటాయించిన పనిని తాను ఆపగలడా అన్నది. కార్యదర్శి గారి నిద్రగన్నేరు విషయంలో బీము వేసి గోడ కట్టుకోండని చెప్పగల అధికారి, అక్కడ స్తంభాన్ని నాలుగడుగులు జరపమని చెప్పలేడు.

దీనికి బెంగళూరులోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. బసవేశ్వర కూడలి నుంచి హెబ్బాళ వరకు ఉక్కు ఫ్లైఓవర్ కట్టాలని 2016లో ప్రభుత్వం పూనుకున్నప్పుడు 812 చెట్లు పోతాయని లెక్క తేలింది. ఆ అక్టోబరులో నగరవాసులు ఆ దారి పొడవునా మానవహారంగా నిలబడ్డారు, విషయం కోర్టులకూ హరిత ట్రైబ్యునల్‌కూ వెళ్లింది, చివరికి 2017 మార్చిలో ప్రభుత్వమే ఆ ప్రాజెక్టును విరమించుకుంది. గమనించవలసింది ఏమిటంటే, ఆ 812 చెట్లు నిలిచింది ఒక్కొక్క చెట్టు దరఖాస్తునూ తిరస్కరించడం వల్ల కాదు, ఆ ఫ్లైఓవర్ అవసరమా అన్న ప్రశ్న సమయానికి గట్టిగా వినిపించడం వల్ల. ఆ దారిలో ఇప్పటికీ నిలిచి ఉన్న చెట్ల కింద ట్రాఫిక్ అలాగే ఆగుతోందని ఎత్తిపొడిచేవారు లేకపోలేదు. అయితే ఆ వాదన ప్రాజెక్టు గురించే తప్ప చెట్ల గురించి కాదు.

చట్టం ఈ లోపాన్ని కొంత సరిచేయాలని చూసింది. ప్రజోపయోగ పనుల కోసం యాభైకి మించి చెట్లు కొట్టవలసివస్తే బహిరంగ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు పది రోజుల గడువు ఇవ్వాలని తరువాత సవరణలో చేర్చారు. ఆ పది రోజుల్లోనే ప్రకటన కంటపడాలి, జాబితా తెప్పించుకోవాలి, వెళ్లి చెట్లు చూడాలి, అభ్యంతరం రాయాలి. ఉద్యోగాలు చేసుకునేవారికి అది ఏ మూలకు సరిపోతుందో మీరే ఊహించుకోండి. యాభై అన్న గీత ఉంది కనుక పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కలో అంతకంటే తక్కువ చూపితే ఏమవుతుందన్న అనుమానమూ అప్పటి నుంచీ ఉంది. తరువాత హైకోర్టులో బెంగళూరు ఎన్విరాన్‌మెంట్ ట్రస్ట్ తదితరులు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా నిపుణుల కమిటీ ఏర్పడి, మెట్రో వంటి పనుల్లో ఒక్కొక్క చెట్టునూ చూసి, ఉంచవలసినవి, మరోచోటికి తరలించవలసినవి, కొట్టవలసినవి అని విడదీయడం మొదలైంది. చెట్ల గణన కూడా చట్టం అప్పగించిన విధుల్లోనే ఉందని ఆ వ్యాజ్యంలోనే గుర్తుచేయవలసివచ్చింది. నగరంలో ఎన్ని చెట్లున్నాయో తెలియకుండా ఎన్ని పోతే నష్టమో ఏ అధికారి మాత్రం ఎలా చెప్పగలడు?

తరలింపు గురించి ఒక మాట. మర్రి, రావి వంటివి వేళ్ల ముద్ద తగినంత పెద్దదిగా తీసి జాగ్రత్తగా నాటితే తిరిగి చిగురిస్తాయి, కానీ తురాయి వంటి జాతుల్లో ఆ నమ్మకం తక్కువ. ఎక్స్‌కవేటరుతో పెకిలించి, కొమ్మలన్నీ నరికి, శివార్లలో గుంజలా పాతి, రెండు వేసవులు నీళ్లు పోయకుండా వదిలేసిన చెట్టును ‘తరలించబడినది’ అని లెక్కలో చూపడం నాకు నిజాయితీగా అనిపించదు. కొట్టేశామని రాసి ఉంటే కనీసం లెక్క సరిపోయేది.

ఇతర నగరాలు వేరే మార్గాలు పట్టాయి. మహారాష్ట్రలో 2021 సవరణ యాభై ఏళ్లు దాటిన చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తించి, కొట్టిన చెట్టు వయసు ఎంతో అన్ని మొక్కలు నాటాలని నిర్దేశించింది. ఢిల్లీలో యాభై లేదా అంతకుమించి చెట్లు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ ఉత్తర్వు చాలదని, అటవీ, పర్యావరణ విషయాల్లో సుప్రీంకోర్టుకు సాయపడే కేంద్ర సాధికార కమిటీ ఆమోదం కూడా ఉండాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. చెట్టుకు ఏడాదికి 74,500 రూపాయల విలువ కట్టి వయసుతో హెచ్చించాలన్న లెక్కను కూడా సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల సంఘం ఒకటి ఇచ్చింది. ఆ సంఖ్య పత్రికల్లో బాగా తిరిగింది కానీ, మన వార్డు స్థాయి ఫైళ్లలో ఎవరూ ఆ గుణకారం చేయగా నేను చూడలేదు.


సమాధానం 4
రాసినవారు: కానుగ నీడ, హైదరాబాద్

మా వైపు ఈ వ్యవహారమంతా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద, అంటే అందరూ వాల్టా అని పిలిచే దాని కింద నడుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఆ చట్టం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ అమల్లో ఉంది. ఇక్కడా ముందస్తు అనుమతి కావాలి, ఇక్కడా యూకలిప్టస్, సరుగుడు, సుబాబుల్ వంటివి మినహాయింపు జాబితాలో ఉన్నాయి. మీ సిల్వర్ ఓక్ విషయంలో రేంజర్ గారు చెప్పిన జాగ్రత్తను నేను ఇంకొంచెం గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే మినహాయింపు జాబితా అనేది చిన్న విషయంగా కనిపించి పెద్ద వివాదాలకు వాకిలి అవుతుంది.

2025 వసంతంలో కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన ఉన్న 400 ఎకరాల్లో, ఉగాది, రంజాన్ సెలవుల రోజుల్లో యంత్రాలు దిగి చెట్లు తొలగించాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని పని ఆపించింది, 16వ తేదీ విచారణలో అసలు కొట్టే ముందు అనుమతి తీసుకున్నారా అని నిలదీసింది. అక్కడ తొలగించినవి పొదలా, మినహాయింపు జాతులా, అనుమతి అవసరమైన చెట్లా అన్న వాదన చెట్లు నేల మీద పడ్డాక జరిగింది. నేల చదునయ్యాక అక్కడ ఏ జాతి చెట్లు ఎన్ని ఉండేవో రుజువు చేయడం ఎవరికైనా కష్టమే. అందుకే మినహాయింపు ఉన్న చెట్టుకైనా కొట్టే ముందు ఫొటోలు, కొలతలు, రసీదు ఉండాలని నేను మా కాలనీలో పట్టుబడతాను.

డిజైను దశలో నిర్ణయం జరిగిపోతుందన్న మాటకు మా దగ్గరి చేవెళ్ల మర్రిచెట్లు కూడా సాక్ష్యమే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల బీజాపూర్ రహదారి విస్తరణలో తొమ్మిది వందలకు పైగా మర్రులు దారికి అడ్డంగా లెక్కకు వచ్చాయి. చెట్ల ప్రేమికులు ఒక్కో మర్రికి స్థానం, కొలత గుర్తించి జాబితా కట్టారు, హరిత ట్రైబ్యునల్‌లో ఏళ్ల తరబడి పోరాడారు, తరువాతనే చాలా చెట్లను ఉన్నచోటనే ఉంచి రోడ్డును సర్దే ప్రతిపాదనలు ముందుకు వచ్చాయి. రోడ్డును మొదటే అలా గీసి ఉంటే ఆ ఏళ్లన్నీ ఆదా అయ్యేవి, ఆ ఇరుకు దారిలో ప్రమాదాలకు గురైనవారికీ మేలు జరిగేది. ఆ రోడ్డు మీద రోజూ వెళ్లేవారి కోపం కూడా నాకు తెలుసు, దాన్ని నేను తప్పుపట్టను.


అడిగినవారి స్పందన
రాసినవారు: తూర్పు బెంగళూరు తెలుగు

అందరికీ ధన్యవాదాలు. మీ సమాధానాలు సంఘం గ్రూపులో పెట్టాను. నిద్రగన్నేరు మొదలు దగ్గర నేనూ మా వాచ్‌మనూ చూశాం: పుట్టగొడుగులు లేవు, నేల ఉబ్బలేదు, కానీ రోడ్డు వైపున కాంక్రీటు కాండానికి ఆనుకునే ఉంది, పోయిన ఏడాది కాలువ పని కూడా అటువైపే జరిగింది. ఇంటి వైపు తురాయిల్లో ఒకదాని చీలిక దగ్గర బెరడు ఊడి నల్లగా మెత్తబడిన చోటు ఉంది. సిల్వర్ ఓక్‌ను ప్రస్తుతానికి వదిలేద్దామని పార్కింగు అడిగినవారే ఒప్పుకున్నారు. కొబ్బరి సంగతి కాయలు దింపే మనిషితో సరిపోతుందని పెద్దావిడ గారు తేల్చారు, ఎవరూ ఎదురు చెప్పలేదు.

రెండు విషయాలు మిగిలాయి. తురాయి ఒకదానికి అనుమతి వస్తే బదులుగా మేము ఏం చేయవలసి ఉంటుంది? నిద్రగన్నేరు కొమ్మలు తగ్గించే పనిని మా ఖర్చుతో మేమే చేయించుకోవచ్చా?


సమాధానం 5
రాసినవారు: పాత రేంజర్

బెరడు ఊడి మెత్తబడిన తురాయికి మీ దరఖాస్తు బలంగా ఉంటుంది, రెండోదానికి కొమ్మల తగ్గింపు మాత్రమే అడగండి. రెండింటినీ కలిపి తొలగింపు అడిగితే, నిజంగా పాడైనది కూడా పార్కింగు లెక్కలోకి పోయే అవకాశం ఉంది. ఆ మెత్తబడిన చోటును దగ్గరగా ఒకటి, మొత్తం చెట్టూ దాని కింద నడిచే దారీ కనిపించేలా ఒకటి ఫొటోలు జతచేయండి. కింద పిల్లలు ఆడుకునే చోటు ఉంటే ఆ మాట రాయండి, ఎందుకంటే చెట్టు విరిగే అవకాశంతో పాటు, విరిగితే ఎవరి మీద పడుతుందన్నది కూడా పరిశీలనలో భాగమే.

అనుమతి ఇస్తూ, అదే స్థలంలో గానీ తగిన మరోచోట గానీ బదులు చెట్టు నాటాలని షరతు పెట్టవచ్చు. ఆ షరతును సంతోషంగా తీసుకోండి కానీ జాతిని మీరే ఎంచుకుని దరఖాస్తులోనే సూచించండి. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఉన్న కొద్దిపాటి చోటుకు కానుగ బాగుంటుంది, నీడ వస్తుంది, తురాయిలా కొమ్మలు పెళుసుగా విరగవు. రావి, మర్రి మాత్రం ఎంత పవిత్రమనిపించినా గోడ పక్కన నాటకండి. నాటిన మొక్క చుట్టూ కనీసం ఒక మనిషి చేతులు చాచినంత నేలను సిమెంటు వేయకుండా వదలండి.

నిద్రగన్నేరును మాత్రం మీరుగా తాకవద్దు. అది నగరం చెట్టు, కలప కూడా నగరానిదే, కొమ్మలు తగ్గించినా ఆ పని అటవీ విభాగం సిబ్బంది చేతుల మీదుగానే జరగాలి. ఖర్చు భరించడానికి సంఘం సిద్ధంగా ఉన్నా, కూలీలను పెట్టి కొట్టిస్తే అది అనుమతి లేని నరికివేత కిందికే వస్తుంది. మీరు అడగవలసినవి మూడు: కొమ్మల చివరి బరువు తగ్గించడం, ట్రాన్స్‌ఫార్మర్ మీది కొమ్మ తీయడం, మొదలు చుట్టూ కాంక్రీటు పగలగొట్టి మట్టి వదలడం. మూడోది ఇంజినీరింగు విభాగం పని కనుక ఆ వినతి నకలు వారికి కూడా ఇవ్వండి. కాలువ పనిలో వేళ్లు తెగాయన్న అనుమానాన్ని విడిగా ఒక వాక్యంలో రాసి, ఆ వైపు తవ్వి చూడమని కోరండి. పరిశీలన అధికారి అది చదివితే సుత్తితో తట్టి వెళ్లిపోడు.

దరఖాస్తు వేసవి మొదట్లోనే, మార్చిలోగా, చేరేలా చూడండి. ఏప్రిల్, మే నెలల గాలివానలు మొదలయ్యాక ఆ విభాగానికి కూలిన చెట్లు తీయించడంతోనే సరిపోతుంది, నిలబడి ఉన్న చెట్టును చూడటానికి మనుషులు దొరకరు. తేదీ ఖాయమయ్యాక ఆ రోజు ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపించడానికి విద్యుత్ సంస్థకు కూడా ముందే లేఖ ఇవ్వండి, పక్షి గూళ్లలో పిల్లలు ఉన్న కొమ్మ ఏదైనా ఉంటే పెద్దావిడ గారినే చూపించమనండి.